మలుపు స్వభావం స్కీ పొరల్లోనే ఉంటుంది

స్కీలు కొనబోయేవారు ముందుగా చూసేది వాటి మీద ముద్రించి ఉండే నాలుగు అంకెలు: ముందు కొన వెడల్పు, నడుము వెడల్పు, తోక వెడల్పు, మలుపు వ్యాసార్థం. 170 సెంటీమీటర్ల పొడవున్న రెండు స్కీలను తీసుకుందాం. రెండింటి మీదా 125, 76, 107 మిల్లీమీటర్లు, 14 మీటర్లు అనే రాసి ఉందనుకుందాం. ఒకటి అంచు మోపిన క్షణం నుంచి మలుపు పూర్తయ్యేదాకా పట్టు వదలదు. రెండోది అదే వాలు మీద, అదే వేగంలో, మలుపు మధ్యలో పక్కకు జారుతూ కాళ్ల కింద దడదడలాడుతుంది. అంకెలు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? స్కీ ఆకారం మలుపు ఎంత పెద్దదో చెబుతుంది. ఆ మలుపు కాలికి ఎలా తెలుస్తుందన్నది మాత్రం లోపలి పొరలు, వాటి మందం, స్కీ పొడవునా ఎక్కడ ఎంత బిగువు ఉంచారన్న లెక్క కలిసి తేలుస్తాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

ఆల్ మౌంటెన్ కార్వింగ్ అని పిలిచే తరగతిలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. ఈ స్కీల నడుము సాధారణంగా 72 నుంచి 85 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. యంత్రంతో చదును చేసిన వాలు మీద అంచుల ఆధారంగా మలుపులు గీయడం వీటి ప్రధానమైన పని. అయితే ఉదయం గట్టిగా గడ్డకట్టి ఉన్న అదే వాలు మధ్యాహ్నానికి మెత్తబడి, వందల మంది తొక్కిన తరువాత గుట్టలు గుట్టలుగా మారినప్పుడు కూడా అవి మనిషిని ఇబ్బంది పెట్టకూడదు. పోటీల స్కీకి ఒకే పని ఉంటుంది, లోతైన పొడిమంచులో తేలవలసిన వెడల్పాటి స్కీకి కూడా దాదాపు ఒకే పని ఉంటుంది. ఒకదానికొకటి పొసగని కోరికలన్నీ ఒకే పలక మీద తీర్చవలసి వచ్చేది ఈ మధ్య తరగతిలోనే. అందుకే తయారీదారు పొరలను ఎంత తెలివిగా పేర్చాడో ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

నేను హైదరాబాదులో, బాలానగర్ ప్రాంతంలోని ఒక చిన్న కర్మాగారంలో కాంపోజిట్ ప్యానెళ్ల తయారీ చూస్తుంటాను. గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ జిగురు, పల్చని అల్యూమినియం రేకు, మధ్యలో తేలికైన కోర్: రోజంతా నా చేతుల్లో మెదిలే వస్తువులివి. మా ఊళ్లో మంచు పడదు కాబట్టి శీతాకాలంలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో వెళ్తాను, కుదిరితే దుబాయిలో 2005లో తెరిచిన ఇండోర్ వాలు, స్కీ దుబాయికి వెళ్తాను. అక్కడ పొడవైన వాలు 400 మీటర్లే. కానీ ఎండ, గాలి, తాజా మంచు అనే తేడాలు లేకుండా ఒకే రకమైన ఉపరితలం దొరుకుతుంది కనుక, రెండు స్కీల మధ్య తేడాను గమనించడానికి అంతకంటే అనువైన చోటు నాకు కనబడలేదు.

ముందు ఆకారం సంగతి చూద్దాం, ఎందుకంటే లోపలి పొరలకు పని అప్పజెప్పేది ఆకారమే. కొనలు వెడల్పుగా, నడుము సన్నగా ఉన్న స్కీని పక్కకు వాల్చి గట్టి నేల మీద పెడితే రెండు కొనలు మాత్రమే నేలకు తగులుతాయి, నడుము గాలిలో ఉంటుంది. మనిషి బరువు పడినప్పుడు నడుము కిందికి వంగి మంచును తాకుతుంది, అప్పుడు అంచు మొత్తం ఒక వంకరగీతగా మారుతుంది. ఆ గీత వెంటే స్కీ వెళుతుంది. ముందు కొన కోసిన గాడిలోనే తోక కూడా నడిస్తే అది కార్వింగ్, తోక గాడి దాటి పక్కకు ఈడిస్తే అది జారుడు. పైన చెప్పిన 125, 76, 107 కొలతలతో సైడ్‌కట్ లోతు, అంటే నడుము దగ్గర అంచు లోపలికి వంగిన మేర, సగటున 20 మిల్లీమీటర్లు వస్తుంది. మంచును తాకే పొడవు ఒకటిన్నర మీటరు అనుకుంటే, ఆ పొడవు వర్గాన్ని సైడ్‌కట్ లోతుకు ఎనిమిది రెట్లతో భాగించినప్పుడు 14 మీటర్ల వ్యాసార్థం తేలుతుంది. స్కీ మీద రాసేది ఇదే. అయితే ఇది స్కీ దాదాపు చదునుగా ఉన్నప్పటి లెక్క. స్కీని 60 డిగ్రీలు వాల్చితే వ్యాసార్థం అందులో సగానికి, అంటే 7 మీటర్లకు పడిపోతుంది. ముద్రించిన అంకె ఒక గరిష్ఠ హద్దు మాత్రమే; మనం నడిపే మలుపు వాలు కోణాన్ని బట్టి, స్కీ వంగే తీరును బట్టి ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది.

వంగడానికి బలం కావాలి, ఆ బలం వేగం నుంచి వస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 10 మీటర్ల వ్యాసార్థపు మలుపు తిరిగితే, కొండ వాలును లెక్కలోకి తీసుకోకపోయినా, కాళ్ల మీద పడే మొత్తం బలం శరీర బరువుకు దాదాపు 1.6 రెట్లు ఉంటుంది. పోటీల్లో పాల్గొనేవారు ఇంతకంటే ఎంతో ఎక్కువ బలాన్ని పుట్టిస్తారు కనుక వారి స్కీ ఎంత బిగువుగా ఉన్నా వంగుతుంది. సెలవుల్లో స్కీయింగ్ చేసే మనలాంటివారికి ఆ వేగం ఉండదు. కాబట్టి ఈ తరగతి స్కీ మధ్యస్థ వేగంలోనే పొడవునా చక్కగా వంగాలి, కానీ వంగినప్పుడు మెలితిరగకూడదు. పొడవునా మెత్తగా, మెలికి గట్టిగా అన్న ఈ రెండు గుణాలు ఒకే పలకలో సహజంగా కలిసి రావు. ఒకే పదార్థంతో చేసిన పలకను మందం తగ్గించి మెత్తబరిస్తే మెలి విషయంలో కూడా అది మెత్తబడుతుంది. వీటిని విడదీయడానికే పొరలు అవసరమయ్యాయి.

ఈ చిక్కు ముదిరింది 1990లలో. అంతకుముందు మామూలు స్కీల సైడ్‌కట్ లోతు 7 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండేది, వ్యాసార్థం 40 మీటర్లు దాటేది. స్లొవేనియాలోని ఎలాన్ సంస్థలో పనిచేసిన యూరీ ఫ్రాంకో, పావెల్ ష్కోఫిట్స్ అనే ఇంజనీర్లు ఆ లోతును దాదాపు మూడు రెట్లు చేసి 1993లో ఎస్.సి.ఎక్స్ అనే స్కీని బయటకు తెచ్చారు. అందరూ ఆ లోతైన నడుము గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అంతకంటే కష్టమైన పని వేరే ఉంది. ముందు కొనను అంత వెడల్పు చేసినప్పుడు అక్కడ అంచు స్కీ మధ్యరేఖకు ఐదు సెంటీమీటర్లకు పైగా దూరం జరుగుతుంది. మంచు ఆ అంచును పైకి నెడుతుంది, అంత దూరం నుంచి నెట్టే బలం కొనను మెలితిప్పి చదును చేయాలని చూస్తుంది. కాలి కింద స్కీ 50 డిగ్రీలు వాలి ఉంటే, కొన దగ్గర 46 మాత్రమే మిగలవచ్చు. ఆకారం ఎంత బాగున్నా, ఆ మెలిని ఆపగలిగే నిర్మాణం లేకపోతే ముందు కొన గట్టి మంచు మీద గాడి కోయలేదు.

కొన్నేళ్ల కిందట గుల్‌మార్గ్‌లో అద్దె దుకాణం వారు పక్కన పడేసిన ఒక విరిగిన స్కీని హైదరాబాదుకు తెచ్చుకున్నాను. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగించే చోటికి కొంచెం ముందుగా మా షాపులో దానిని అడ్డంగా కోయించి, కోసిన ముఖాన్ని నున్నగా రుద్దించాను. లామినేషన్ పని చూసే పెద్దాయన దానిని కళ్లకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశారు. “ఇది మన ప్యానెల్ లెక్కనే ఉంది కద సార్” అన్నారు. తరువాత గోరుతో ఒక సన్నని వెండి గీతను చూపించి, “గింత పల్చటి రేకు గంత బరువు మోస్తదా?” అని అడిగారు. “ఒక్కటే మొయ్యదు అన్నా, పైనొకటి కింద ఒకటి ఉన్నయి, మధ్యల చెక్క వాటిని దూరంగా పట్టుకుంటది” అన్నాను. ఆయన తలూపి, స్టీలు అంచు మీద అంటుకొని ఉన్న నల్లటి సన్నని పట్టీని చూపించి, “మరి గీడ రబ్బరెందుకు పెట్టిన్రు?” అన్నారు. ముప్ఫై ఏళ్లుగా పొరలు అంటించిన చేతికి మాత్రమే తోచే ప్రశ్న అది. దాని సమాధానం కొంచెం తరువాత చెబుతాను.

కోసిన ముఖంలో కింది నుంచి పైకి కనబడేవి ఇవి. అట్టడుగున అత్యధిక అణుభారమున్న పాలిథిలీన్ బేస్, దాని రెండు పక్కలా స్టీలు అంచులు. వాటి మీద ఒక గ్లాస్ ఫైబర్ పొర, ఒక లోహపు రేకు. ఆపైన నిలువు పట్టీలుగా అంటించిన చెక్క కోర్, దానికి ఇరుపక్కలా గట్టి ప్లాస్టిక్ గోడలు. కోర్ మీద మళ్లీ రేకు, గ్లాస్ ఫైబర్, చివరగా బొమ్మలు అచ్చువేసిన పై పొర. మొత్తం మందం రెండు వేళ్లు కూడా ఉండదు. ఈ చెక్కలో రెండు రంగుల పట్టీలు మారిమారి కనబడ్డాయి: లేత రంగుది పోప్లర్ లాంటి తేలిక చెక్క, ముదురు రంగుది యాష్ లేదా బీచ్ లాంటి బరువైన చెక్క. గట్టి చెక్క మరలను పట్టి ఉంచుతుంది, అంచుల దగ్గర బలాన్ని కాలి నుంచి మంచుకు చేరవేస్తుంది. తేలిక చెక్క మిగిలిన చోటు నింపుతుంది.

పొడవునా వంగే గుణాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఈ చెక్క మందమే. కాలి కింద కోర్ 10 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉండి, రెండు కొనలకు వెళ్లేసరికి 2 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. ఒకే పదార్థంతో చేసిన పలక బిగువు మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మందం 10 శాతం పెరిగితే బిగువు 33 శాతం పెరుగుతుంది. కోర్‌కు రెండు వైపులా పల్చని పొరలు అంటించిన శాండ్‌విచ్ నిర్మాణంలో ఆ పెరుగుదల వర్గానికి దగ్గరగా, 21 శాతం దాకా ఉంటుంది. ఏ విధంగా లెక్కించినా, రంపం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే స్కీ స్వభావమే మారిపోతుంది. ముందు భాగం మందాన్ని త్వరగా తగ్గిస్తే మలుపు సులువుగా మొదలవుతుంది, కానీ గుట్టలను ఢీకొన్నప్పుడు కొన ముడుచుకుపోతుంది. తోకను మందంగా ఉంచితే మలుపు చివర బలంగా తోస్తుంది, అలసిన కాళ్లతో ఉన్నవారిని మాత్రం వెనక్కి పడేసేంత పని చేస్తుంది. అందువల్ల ఈ తరగతికి నాకు నచ్చే పంపిణీ ఒకటే: కాలి కింద గట్టిగా, ముందుకు క్రమంగా మెత్తబడుతూ, తోకలో కొన కంటే ఒక పిసరు ఎక్కువ బిగువుతో ఉండటం. ఎక్కడా ఒక్కసారిగా విరిగినట్టుగా వంగే చోటు ఉండకూడదు.

ఇక మెలి. గ్లాస్ ఫైబర్ దారాలన్నీ పొడవునా పరిస్తే స్కీ పొడవునా బిగుస్తుంది కానీ మెలికి పెద్దగా అడ్డుపడదు. దారాలను 45 డిగ్రీల కోణంలో రెండు వైపులకూ అడ్డంగా పరిస్తే మెలికి అడ్డుపడతాయి కానీ పొడవునా బిగువుకు అంతగా తోడ్పడవు. ఈ మూడు దిశలూ కలిసిన అల్లికను ట్రయాక్సియల్ అంటారు, నేడు చాలా స్కీలలో ఉండేది అదే. ఏ దిశలో ఎన్ని దారాలు అన్న నిష్పత్తిని మారిస్తే రెండు రకాల బిగువులనూ విడివిడిగా సర్దుకోవచ్చు. మా షాపులో ప్యానెళ్లకు చేసే పని కూడా అదే కనుక, మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు ఎంతో ఆనందం కలిగింది.

లోహపు రేకు అన్ని దిశల్లోనూ ఒకేలా బిగువుగా ఉంటుంది. స్కీలలో వాడేది ఎక్కువగా టైటానల్, ఆస్ట్రియాలోని రాన్స్‌హోఫెన్‌లో అమాగ్ సంస్థ తయారుచేసే అల్యూమినియం మిశ్రమం. అందులో జింక్, మెగ్నీషియం, రాగి కలుస్తాయి. స్కీలలో ఈ రేకు మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంత పల్చని రేకు అయినా, అంచు నుంచి అంచు దాకా పరిచినప్పుడు మెలికి గట్టిగా అడ్డం పడుతుంది. గడ్డకట్టిన వాలు మీద టైటానల్ స్కీ పట్టు వదలకపోవడానికి మొదటి కారణం ఇదే. దాని ధర కూడా చెల్లించవలసే ఉంటుంది: మెలికి మరీ గట్టిగా ఉన్న కొన మెత్తని మంచులో అంచు తప్పుగా పడితే వదిలిపెట్టదు, మనిషిని తనకు నచ్చిన దిశలోకి లాక్కుపోతుంది. కాస్త మెలితిరిగే కొన ఆ తప్పును క్షమిస్తుంది. ఇప్పుడిప్పుడే రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి తిరగడం నేర్చుకున్నవారికి రెండు పూర్తి టైటానల్ రేకులున్న స్కీ వద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పట్టు తరువాత వచ్చే ప్రశ్న నిలకడ. చదును చేసిన వాలు కంటికి నున్నగా కనబడినా దాని మీద యంత్రం గీసిన చారలుంటాయి, మధ్యమధ్య మంచుగడ్డలుంటాయి. వేగంలో అవి స్కీని వరుసగా కొడతాయి. ఇత్తడి చెంబును గరిటెతో కొడితే చాలాసేపు మోగుతుంది, దాని మీద అరచెయ్యి ఆనిస్తే మోత వెంటనే ఆగిపోతుంది. స్కీకి ఆ అరచేతి పని చేసేది బరువు, రబ్బరు. టైటానల్‌ను కంపనాలను మింగే లోహమని చాలామంది వర్ణిస్తారు. పదార్థపరంగా చూస్తే లోహం తనంతట తాను కంపనాన్ని పెద్దగా మింగదు. గ్లాస్, కార్బన్ పొరల కంటే అది బరువైనది, ఆ బరువు చిన్న దెబ్బలకు సులువుగా కదలదు. అంతకంటే ముఖ్యంగా, రేకుకూ చెక్కకూ మధ్య పల్చని సాగే పొర ఉంటే, స్కీ వంగిన ప్రతిసారీ ఆ పొర రెండు బిగువైన తలాల మధ్య పక్కలకు నలుగుతుంది, కంపనశక్తి అక్కడ వేడిగా మారి తీరిపోతుంది. విమానాల ప్యానెళ్లలో కూడా ఇదే సూత్రాన్ని వాడతారు.

దీనికి ముందు చరిత్ర కూడా ఉంది. హోవర్డ్ హెడ్ అమెరికాలో గ్లెన్ ఎల్. మార్టిన్ విమాన సంస్థలో పనిచేసిన ఇంజనీరు. 1940ల చివరలో, విమానాల్లో వాడే అల్యూమినియం శాండ్‌విచ్ పద్ధతితోనే స్కీ చేయాలనుకొని, మొదట తేనెతుట్టె ఆకారపు కోర్‌తో చేసి చూశాడు. అవి వెంటనే విరిగిపోయాయి. తరువాత వరుసగా ఎన్నో నమూనాలు మార్చి, చివరికి ప్లైవుడ్ కోర్‌కు ఇరువైపులా అల్యూమినియం రేకులు అంటించి, స్టీలు అంచు పెట్టి, 1950లో హెడ్ స్టాండర్డ్ అనే స్కీని మార్కెట్లోకి తెచ్చాడు. మెత్తని మంచులో అవి అద్భుతంగా తిరిగేవి, గట్టి మంచు మీద మాత్రం విపరీతంగా అదిరేవి. 1960లలో పోటీల కోసం చేసిన స్కీలో నియోప్రీన్ రబ్బరు పొరను చేర్చిన తరువాతే ఆ అదురు అదుపులోకి వచ్చింది. ఆ రోజుల్లో హెడ్ ఎదుర్కొన్న సమస్యే, ఆయన కనిపెట్టిన పరిష్కారమే నేటికీ కొనసాగుతున్నాయి.

మా పెద్దాయన అడిగిన రబ్బరు ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. స్టీలు, అల్యూమినియం, గ్లాస్ ఫైబర్, పాలిథిలీన్ చల్లబడినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో మేరకు కుంచించుకుంటాయి. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండు రెట్లు కుంచించుకుంటుంది. వేడి ప్రెస్‌లో అంటించి బయటకు తీసిన స్కీ, తరువాత సున్నా కంటే పది డిగ్రీలు తక్కువ చలిలో పనిచేయవలసి ఉంటుంది. అంచుకూ దాని మీద అంటించిన పొరకూ మధ్య సాగే పట్టీ లేకపోతే ఆ తేడా అంతా జిగురు మీద పడి, అంచు ఊడి వస్తుంది. ఆ పట్టీయే మంచు దెబ్బను మొట్టమొదట అందుకొని కొంత మింగేస్తుంది కూడా. ఒక సన్నని పట్టీ ఇన్ని పనులు చేయడం చూసినప్పుడు, ఇది అంటించిన చేతుల పట్ల నాకు గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు తయారీదారులు చేస్తున్న ప్రయత్నమంతా లోహపు రేకును తీసేయకుండా దాని మొండితనాన్ని తగ్గించడం మీదే ఉంది. జర్మనీలోని ఫోల్క్ల్ తన కొన్ని వెడల్పాటి స్కీలలో రేకును మధ్యలో తొలగించి, అంచుల వెంట చట్రంలా మాత్రమే ఉంచింది. పట్టు అంచు దగ్గరే అవసరం కనుక ఇది సహేతుకంగా తోస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ష్టోక్లి, లోసాన్‌లోని ఈ.పీ.ఎఫ్.ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి, పై రేకులో వంకరటింకర చీలికలు కోసే పద్ధతిని తెచ్చింది. నెమ్మదిగా, కొద్దిగా వంగినప్పుడు ఆ చీలికలు తెరుచుకొని ఉండి స్కీ మెత్తగా ఉంటుంది. బలంగా వంగినప్పుడు వాటి అంచులు ఒకదానికొకటి ఆనుకొని స్కీ బిగుసుకుంటుంది. 78 మిల్లీమీటర్ల నడుమున్న లేజర్ ఏ.ఎక్స్ దీనితో పేరు తెచ్చుకుంది. నెమ్మదిగా నడిపేటప్పటి సౌలభ్యం, వేగంలో నిలకడ ఒకే స్కీలో ఇవ్వాలన్న ఈ తరగతి కోరికకు ఇంతకంటే నేరుగా జవాబిచ్చిన ఆలోచన నాకు మరొకటి తెలియదు. కే2 సంస్థ 1990లలో ఫోర్ అనే స్కీలో పీజో సెరామిక్ పలకను పెట్టి, కంపనాన్ని విద్యుత్తుగా మార్చి తగ్గించే ప్రయత్నం కూడా చేసింది.

క్యాంబర్, రాకర్ గురించి కొద్దిగా చెబుతాను. స్కీని నేల మీద పెట్టినప్పుడు నడుము పైకి లేచి ఉంటే అది క్యాంబర్, కొన ముందుగానే నేలను వదిలి పైకి లేస్తే అది రాకర్. క్యాంబర్ ఉన్న స్కీ మీద నిలబడగానే రెండు కొనలూ మంచులోకి ఒత్తుకుంటాయి కనుక గట్టి వాలు మీద అంచు మొత్తం పనిచేస్తుంది, మలుపు చివర ఆ వంపు విడుదలై మనిషిని తరువాతి మలుపులోకి ఎత్తి పంపుతుంది. ముందు కొన దగ్గర కొద్దిపాటి రాకర్ ఉంటే మలుపులోకి దిగడం సులువవుతుంది, మెత్తని గుట్టల మీద కొన దిగబడదు. ఈ తరగతికి కొంచెం రాకర్ ముందు, మిగతాదంతా క్యాంబర్ అన్నది దాదాపు అందరూ అంగీకరించిన కూర్పు. ఎలాన్ మాత్రం ఆంఫిబియో పేరుతో ఎడమ, కుడి స్కీలను వేరువేరుగా చేసి, లోపలి అంచును క్యాంబర్‌తో, బయటి అంచును రాకర్‌తో మలిచింది. బరువు ప్రధానంగా మోసేది బయటి కాలి స్కీ లోపలి అంచే కనుక, ఆ తర్కం సరైనదే.

నడుము వెడల్పు ప్రభావం మోకాలికి తెలుస్తుంది. స్కీని అంచు మీదికి ఎక్కించినప్పుడు మంచు నెట్టే చోటు బూటు మధ్య నుంచి సగం నడుమంత దూరంలో ఉంటుంది: 76 మిల్లీమీటర్ల స్కీకి 38, 100 మిల్లీమీటర్ల స్కీకి 50. ఆ 12 మిల్లీమీటర్ల తేడా గట్టి మంచు మీద రోజంతా మోకాలి కీలును పక్కకు తిప్పుతూ ఉంటుంది. గుల్‌మార్గ్‌లో గండోలా అనే రోప్‌వే రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ మీది లోతైన పొడిమంచులో దిగేవారికి వెడల్పాటి స్కీ తప్పదు, అక్కడ సన్నని కార్వింగ్ స్కీ మునిగిపోతుంది. మొదటి దశ స్టేషన్ ఉన్న కొంగ్‌దూరీ చుట్టుపక్కల వాలుల్లోనూ, ఔలీలోని చదును చేసిన వాలు మీదా తిరిగేవారు మాత్రం 85 దాటవలసిన అవసరం నాకు కనబడదు.

బరువు విషయంలో నా అభిప్రాయం ఇప్పటి పోకడకు కొంచెం ఎదురుగా ఉంటుంది. కార్బన్, పాలోనియా అనే తేలిక చెక్క వాడి స్కీని తేలిక చేయడం గొప్పగా ప్రచారమవుతోంది. కొండ ఎక్కి దిగేవారికి అది వరమే. లిఫ్టు మీద ఎక్కి, అంచుల మీద దిగేవారికి కాదు. 170 సెంటీమీటర్ల కార్వింగ్ స్కీ ఒక్కొక్కటి రెండు కిలోల ప్రాంతంలో ఉండటం దాని నిలకడకు అవసరం. తగ్గించదలిస్తే కొనల దగ్గర తగ్గించాలి. తిప్పడానికి పట్టే శ్రమ మధ్య నుంచి దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, మధ్య నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 50 గ్రాములు, 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 200 గ్రాములతో సమానం. కాలి కింద బరువుగా, కొనల్లో తేలికగా ఉన్న స్కీ నిలకడగానూ ఉంటుంది, చురుకుగానూ తిరుగుతుంది.

డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఈమధ్య దుకాణం నుంచే ఫోన్ చేశాడు. “మామయ్యా, రెండింటి మీదా అంకెలు దాదాపు ఒకటే ఉన్నాయి, ఒకటేమో రెండొందల డాలర్లు ఎక్కువ చెబుతున్నాడు, ఎందుకంటావు?” అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. స్కీ తోకను నేల మీద ఆనించి, ఒక చేత్తో కొనను పట్టుకొని, రెండో అరచేతితో నడుమును నెమ్మదిగా ముందుకు నొక్కరా, వంపు ఒకేలా సాగుతోందా, ఎక్కడైనా ఒకచోట మడత పడినట్టు ఉందా చూడు. తరువాత స్కీని మోకాళ్ల మధ్య బిగించి, కొనను రెండు చేతులతో పట్టుకొని మెలితిప్పు. రెండు స్కీల మధ్య తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఒక జతను అడుగులు కలిసేలా దగ్గర పెట్టి, పక్క నుంచి వెలుతురులో చూస్తే క్యాంబర్ ఎంతో, రాకర్ ఎక్కడ మొదలవుతుందో కనబడుతుంది. చివరగా, పక్క గోడ నిలువుగా పై పొర దాకా ఉందా, లేక పై పొరే అంచు దాకా వంగి మూసేసిందా చూడు. నిలువు గోడ ఉంటే కాలి బలం నేరుగా అంచుకు చేరుతుంది. వాడు మెలితిప్పి చూసి, ఖరీదైనది అసలు కదలడం లేదన్నాడు. వాడు స్కీయింగ్ మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు, కొలరాడోలో మెత్తని మంచు రోజులూ తక్కువ కాదు. అందుకే ఒకే రేకు ఉన్న రెండోదాన్ని తీసుకోమన్నాను.

స్కీ బాగా లేదని తీర్పు చెప్పే ముందు దాని అంచు కోణం చూడాలి. అడుగు వైపు అంచును సాధారణంగా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా, పక్క వైపు ఒకటి నుంచి మూడు డిగ్రీల దాకా సానబెడతారు. అడుగు వైపు కోణం రెండు డిగ్రీలకు చేరితే, ఎంత మంచి టైటానల్ స్కీ అయినా అంచు మంచును అందుకోవడానికి ఆలస్యం చేస్తుంది, కొనలో బిగువు లేదని మనం పొరబడతాం. అద్దె స్కీలను తరచూ సానబెట్టడం వల్ల ఈ కోణం క్రమంగా పెరిగి ఉంటుంది. ఒక నిటారైన స్టీలు పట్టీని అడుగుకు అడ్డంగా ఆనించి, వెనక నుంచి దీపం వెలుతురు పెట్టి చూడండి. అడుగు చదునుగా ఉండి, అంచుల దగ్గర మాత్రమే వెలుతురు సన్నగా కనబడితే సరే. ఆ వెలుతురు వెడల్పుగా ఉన్నా, అడుగు మధ్యలో గుంట కనబడినా, మరో జత అడిగి తీసుకోండి. సొంత స్కీలు ఉన్నవారు మన ఊరి వానాకాలం తేమకు స్టీలు అంచులు తుప్పు పట్టకుండా మైనాన్ని అంచులు కప్పేలా మందంగా పూసి, గీకకుండా అలాగే పొడిగా ఉన్న గదిలో ఉంచాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో మాత్రం వాటిని వదిలేయకండి. పొరలను పట్టి ఉంచిన ఎపాక్సీ మెత్తబడే స్థాయి వేడి అక్కడ పుట్టగలదు, ఒకసారి క్యాంబర్ సడలిన స్కీని తిరిగి మొదటి వంపుకు తేవడం ఏ షాపుకూ సాధ్యం కాదు.